సంఘంలో చదివినట్టే ఊరి లెక్క కూడా చదవాలని వార్డు మెంబరుగా నిలబడ్డాను

2026 జనవరి 20న మండల పరిషత్ ఆఫీసులో నా ఎన్నికల ఖర్చు లెక్క ఇచ్చి రసీదు తీసుకున్నాను. దానితో నేను నిలబడిన పంచాయతీ ఎన్నిక నా వరకు ముగిసిందనుకున్నాను. తొమ్మిది ఓట్లతో ఓడిపోయాను. ఓడిపోయినదాని గురించి ఇంత పొడుగ్గా ఎందుకు రాస్తున్నావని మా ఆయన అడిగాడు. నిలబడదామని అనుకున్న రోజున ఏ కాగితాలు కావాలి, ఎన్నిసార్లు తిరగాలి, ఎవరెవరు వచ్చి ఏమంటారు అని చెప్పే ఆడమనిషి నాకు ఒక్కరూ దొరకలేదు. ఇదివరకు మెంబర్లుగా చేసిన ఇద్దరిని అడిగితే "మా ఆయనకు ఎరుక" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మా పొదుపు సంఘంలో పదకొండు మందిమి. తొమ్మిదేళ్లుగా పుస్తకాలు నేనే రాస్తున్నాను. నెల మీటింగులో ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు ఎంత మిగిలింది, బ్యాంకులో ఎంత ఉంది అన్నీ పైకి చదువుతాను. ఇరవై రూపాయలు తేడా వచ్చినా అది తేలేదాకా ఎవరూ చాప మీద నుంచి లేవరు. చదువు రానివాళ్లు కూడా వింటారు, వేళ్ల మీద లెక్క పెట్టుకుంటారు, తప్పు పట్టుకుంటారు. పదకొండు మంది పేదోళ్ల పొదుపుకు ఉన్న ఈ పద్ధతి ఊరి సొమ్ముకు ఎందుకు లేదన్నది నా మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట.

2024 జనవరి ఆఖరుకు పంచాయతీల గడువు అయిపోయింది. ఎన్నికలు పెట్టలేదు కనుక ఫిబ్రవరి 2 నుంచి తెలంగాణలో ఊళ్లు సర్కారు వేసిన ప్రత్యేకాధికారుల కిందికి వెళ్లాయి. మా ఊరికి వేసిన ఆయనకు సొంత శాఖ పని ఉండేది, పైగా వేరే ఊళ్లు. చెత్త ఎత్తే ట్రాక్టరు డీజిల్ లేక పంచాయతీ ఆఫీసు పక్కన నిలబడిపోయింది. అంగన్‌వాడీ ముందు మోరీ నిండి రోడ్డెక్కింది. మా గల్లీలో రెండు స్తంభాలకు నాలుగు నెలలు లైట్లు వెలగలేదు. గ్రామసభలో రెండుసార్లు అడిగాను. "నిధులు రావట్లేదమ్మా, ఎన్నికలైనంక చూద్దాం" అన్నారు. ఎవరో తిన్నారని నేను అనలేదు, ఇప్పుడూ అనను. ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఇంకా ఎంత రావాలి అన్నది పైకి చదవమన్నాను. చదవలేదు. ఆ రోజు ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంటే చేతులు ఆడలేదు. అడిగినందుకు నలుగురు నావైపు చూసిన చూపు గుర్తొచ్చింది. ఏదో అనకూడని మాట అన్నట్టు చూశారు.

2025 సెప్టెంబర్ 29న మొదటిసారి షెడ్యూలు వచ్చింది. అప్పటి రిజర్వేషన్ల జాబితాలో మా వార్డు జనరల్. అక్టోబర్ 9న ఆ రిజర్వేషన్ల మీద హైకోర్టు స్టే ఇవ్వడంతో అంతా ఆగింది. నవంబర్‌లో రిజర్వేషన్లు మళ్లీ తీశారు. ఈసారి మా వార్డు జనరల్ మహిళ అయింది, అంటే ఏ కులమైనా సరే, ఆడవాళ్లే నిలబడాలి. నవంబర్ 25న ఎన్నికల సంఘం షెడ్యూలు ప్రకటించింది. మా మండలం రెండో విడత: నామినేషన్లు నవంబర్ 30 నుంచి డిసెంబర్ 2 వరకు, పోలింగ్ డిసెంబర్ 14న.

జాబితా వచ్చిన సాయంత్రమే మా గల్లీలో ముగ్గురు మగవాళ్లు తమ ఇంటి ఆడవాళ్లను నిలబెడతామని మాట్లాడుకున్నారు. ఆ ఆడవాళ్లు అప్పుడు పత్తి చేనులో ఉన్నారు. అది విన్నాకే నేను గట్టిగా అనుకున్నాను. రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పైసలు పెట్టేది లేదు మరి, ఎట్ల?" అన్నాడు. "పైసలు పెట్టకుండనే" అన్నాను. ఇంకేమీ అడగలేదు.

సర్పంచ్‌కు పోటీ చేసే రెండు వర్గాల వాళ్లూ రెండు రోజుల్లో మా ఇంటికొచ్చారు. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కానీ, సర్పంచ్ అభ్యర్థి తన వెంట వార్డులన్నిటికీ మనుషులను పెట్టుకుంటాడు. దాన్ని ప్యానెల్ అంటారు. "మా ప్యానెల్ల నిలబడు చెల్లె, ఖర్చంత మాది" అన్నారు ఇద్దరూ. నా ఖర్చు సర్పంచ్ పెట్టుకుంటే రేపు ఆ సర్పంచ్‌నే లెక్క ఎట్లా అడుగుతాను? ఆ మాటే చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన "ఇంత చిన్న పోస్టుకు ఇంత కథనా" అన్నాడు.

కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే భయపడి ఆగుతారు. వయసు 21 నిండాలి, ఆ పంచాయతీలో ఓటు ఉండాలి. నామినేషన్ ఫారం ఉచితమే. ఫొటో, ఎస్సీ, ఎస్టీ, బీసీలైతే కుల ధ్రువపత్రం, ఇంటి పన్ను బాకీ లేదన్న కాగితం కావాలి. మా ఇంటి పన్ను మా మామగారి పేరు మీద రెండేళ్లు బాకీ ఉంది. 1,240 రూపాయలు కట్టి రసీదు తీసుకుంటే తప్ప పంచాయతీ కార్యదర్శి కాగితం రాయలేదు. ఊరి సొమ్ము లెక్క అడగడానికి బయల్దేరిన నేనే ఊరికి బాకీ ఉన్నానని తెలిసి సిగ్గుపడ్డాను. ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా చూపించమన్నారు. శుక్రవారం, నవంబర్ 28న బ్యాంకుకు వెళ్తే ఆధార్ సరిచూడాలని సోమవారం రమ్మన్నారు. శని, ఆదివారాలు నిద్రలేదు. డిసెంబర్ 1న పొద్దున పదింటికే వెళ్తే, ఖాతా నంబరు చేతికొచ్చేసరికి మూడు దాటింది. షెడ్యూలు వచ్చేదాకా ఆగకుండా ముందే ఖాతా తెరిచి పెట్టుకోండి.

ఇంకో కాగితం స్వీయ ప్రకటన. కేసులున్నాయా, ఆస్తులేమిటి, అప్పులేమిటి, ఎంత చదివారు అన్నీ రాసి ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించాలి. మూడు తులాల బంగారం, రెండు కుట్టు మిషన్లు, సంఘం నుంచి తీసుకున్న అప్పు రాశాను. నా బతుకంతా ఒక పేజీలో సగానికే అయిపోయింది. అయినా ఆ పేజీ నాకు నచ్చింది. పోటీ చేసేవాళ్లు తమకేముందో ముందే జనానికి చెప్పాలన్న ఏర్పాటు ఎంత మంచిది! దాన్ని ఆఫీసు నోటీసు బోర్డు దగ్గర ఆగి చదివే మనిషి మాత్రం నాకు కనిపించలేదు.

ప్రతిపాదించే మనిషి మన వార్డు ఓటరే కావాలి. ఇది నాకు తెలియదు. సంఘంలో నాకు బాగా దగ్గరైన ఆమె పక్క వార్డు. మా వెనక ఇంటామె సరేనంది కానీ రాత్రికి వాళ్ల కొడుకు వచ్చి "అక్కా, మమ్మల్ని ఇండ్ల ఇరికియ్యకు" అన్నాడు. అతనికి ఒక వర్గం మనిషి దగ్గర ట్రాక్టరు డ్రైవరు పని. అతన్ని తప్పుపట్టలేను. చివరికి మా సంఘంలోనే అందరికన్నా పెద్దామె, అరవై ఎనిమిదేళ్ల అవ్వ, "నేను పెడ్తా బిడ్డా" అంది. ఆమె సంతకం నేర్చుకున్నది సంఘంలోనే, నా పక్కన కూర్చుని, పలక మీద. నామినేషన్ కాగితం మీద ఆమె ఐదు అక్షరాలు రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. అక్కడున్న ఉద్యోగి తొందరపెట్టలేదు. ఆయన అట్లా ఓపిగ్గా ఆగడం నాకెంతో హాయిగా అనిపించింది.

నామినేషన్లు మా ఊళ్లో కాదు, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో తీసుకున్నారు. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక కేంద్రం. నేను డిసెంబర్ 2న, చివరి రోజు వెళ్లాను. పొద్దున పదకొండుకు వరుసలో నిలబడితే నా వంతు మూడున్నరకు వచ్చింది. అయిదింటి లోపు ఆవరణలో ఉన్నవాళ్లకు చీటీలిచ్చి రాత్రిదాకా తీసుకున్నారట. నీళ్లు, తినడానికేమైనా వెంట పెట్టుకుని వెళ్లండి. డిపాజిట్ వార్డు మెంబరుకు 500, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 250. నేను 250 కట్టాను. పేరు ఓటరు లిస్టులో ఎట్లా ఉందో అట్లాగే రాయమన్నారు. నా ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉంది. దాని మీద పావుగంట మాటలు నడిచాయి, చివరికి లిస్టు ప్రకారమే రాశారు.

మర్నాడు పరిశీలన. నా నామినేషన్ సరిగ్గా ఉందన్నారు. మా వార్డుకు ముగ్గురం మిగిలాం: రెండు ప్యానెళ్ల నుంచి ఇద్దరు, నేను.

అసలు కష్టం ఇక్కడినుంచి మొదలైంది. డిసెంబర్ 6 మధ్యాహ్నం మూడింటి దాకా నామినేషన్ వెనక్కి తీసుకోవచ్చు. 5వ తేదీ రాత్రి గుడి దగ్గర పెద్దమనుషులు కూర్చున్నారు. వీలైనన్ని వార్డులు ఏకగ్రీవం చేద్దామని రెండు వర్గాలూ పంచుకున్నాయి. మా వార్డు ఒక వర్గానికి వెళ్లింది. రెండో వర్గం ఆమె నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది. మిగిలింది నేను. నన్ను పిలవలేదు, మా ఆయన్ని పిలిచారు. పదకొండింటికి ఇంటికొచ్చి ఏమన్నారో చెప్పాడు. గుడి ప్రహరీకి సొమ్ము ఇస్తారట, ఊరు కలిసుంటుందట, "మీ ఇంటామెను నువ్వే ఒప్పియ్యి" అన్నారట. "నువ్వేమన్నవు?" అన్నాను. "నిలబడ్డది ఆమె, ఆమెనే అడుగుండ్రి అన్న" అన్నాడు. పెళ్లయిన పదిహేడేళ్లలో ఆయన చెప్పిన ఏ మాటా నాకింత బలం ఇవ్వలేదు.

పొద్దున తొమ్మిదికి వచ్చారు. ఏడుగురు. అందరూ నాకు వరసైనవాళ్లే: బావ, మామ, చిన్నాయన. గట్టిగా మాట్లాడినవాళ్లు ఎవరూ లేరు. అదే నాకు ఎక్కువ కష్టమైంది. బెదిరిస్తే కోపం తెచ్చుకోవచ్చు. "నీ మీద నమ్మకంతోని అడుగుతున్నం బిడ్డా" అంటే ఏం చేయాలి? అందరూ ఇష్టపడి ఒకరిని ఎన్నుకుంటే అందులో తప్పేమీ లేదు. కానీ డబ్బు లెక్కకట్టి పదవిని అప్పగించడం నేరమని ఎన్నికల సంఘమే చెప్పింది. ఆ మాట చెప్పాను. "గుడికే కదా" అన్నారు. "గుడికిచ్చేటోళ్లు ఓట్లయినంక ఇయ్యొచ్చు కదా మామా" అన్నాను. జవాబు లేదు. టీ పెట్టాను. తాగారు. పోలేదు. నేను మిషను దగ్గరికి వెళ్లి కూర్చుని జాకెట్టు కుడుతూ వాళ్లతో మాట్లాడాను. మధ్యాహ్నం రెండున్నర దాటాక లేచారు.

రెండో వర్గం ఆమెను కూడా వాళ్లు అప్పటిదాకా ఆపి ఉంచారు, నేను తీసుకుంటేనే ఆమెతో తీయిద్దామని. తర్వాత తొందర తొందరగా కేంద్రానికి పంపితే ఆమె చేరేసరికి మూడు దాటింది. ఫారం తీసుకోలేదు. ఆమె పేరు బ్యాలెట్ మీద ఉండిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

అదే రోజు గుర్తులిచ్చారు. గుర్తు మనం కోరుకునేది కాదు. పేర్లను తెలుగు అక్షరాల వరుసలో పెట్టి, జాబితాలో ఉన్న గుర్తులను అదే వరుసలో ఇస్తారు. వరుసలో మొదటి పేరు ఆ రెండో వర్గం ఆమెది, ఆమెకు గౌను; మా వార్డు పంచుకున్న వర్గం ఆమెకు గ్యాస్ పొయ్యి, నాకు స్టూలు. బట్టలు కుట్టేదాన్ని కదా, గౌను వస్తే బాగుండునని ఒక్క నిమిషం అనిపించింది. స్టూలు మీద కూర్చునే మిషను తొక్కుతానని మా చిన్నమ్మాయి అన్నాక మనసు కుదుటపడింది. కరపత్రం మీద అదే రాయించాను.

ప్రచారానికి దొరికింది ఆరు రోజులు. డిసెంబర్ 12 సాయంత్రం అయిదుతో బంద్. మా వార్డులో 61 ఇళ్లు, 168 ఓట్లు. చివరి రోజు తప్ప, రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా తిరిగాను. మొదటి ఇంటి ముందు నిలబడి పదినిమిషాలు గడప దాటలేకపోయాను. ఆ ఇంటివాళ్లకు పదిహేనేళ్లుగా బట్టలు కుడుతున్నాను, అయినా నోరు పెగల్లేదు. అడగడం అంత కష్టమని నాకు తెలియదు. మా సంఘంలో నలుగురు ఆడవాళ్లు వెంట వచ్చారు, అది లేకపోతే తిరిగి ఇంటికి వెళ్లిపోయేదాన్ని.

నేను మూడు మాటలే చెప్పాను. ప్రతి గ్రామసభలో మన పంచాయతీకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది సంఘంలో చదివినట్టు చదివిస్తాను. లైటు, మోరీ, నీళ్లు, ఎవరు ఏం అడిగినా తేదీ వేసి పుస్తకంలో రాసి ఏమైందో వచ్చి చెప్తాను. పైసలు, మందు పంచను. మొదటి రెండు మాటలకు తలలూపారు. మూడోదానికి మొహాలు మారాయి.

ఒకామె మాట ఇప్పటికీ నన్ను వదలదు. ఆమె భర్త బొంబాయిలో ఉంటాడు, ఇద్దరు పిల్లలు, కూలి. "అక్కా, మోరీకొచ్చిన పైసలు నా చేతికొస్తయా? రోడ్డు పైసలొస్తయా? అయిదేండ్లల్ల నా చేతికి నిజంగ వచ్చేది గీ వెయ్యి రూపాలే. అవి గూడ వద్దంటే నేనేం జెయ్యాలె?" అంది. ఆమె దబాయించలేదు, నిజంగానే అడిగింది. నేను అప్పటిదాకా ఓటుకు నోటు తీసుకునేవాళ్ల మీద కోపంగా ఉండేదాన్ని. ఆ గడప దగ్గర ఆ కోపం పోయింది. ఊరి సొమ్ములో తన వాటా ఏదో, ఎక్కడుందో ఎవరూ చూపించని మనిషికి చేతిలో పెట్టిన నోటే కనిపించే వాటా. ఆ సొమ్ము కనపడేటట్టు చేయకుండా నోటు తీసుకోవద్దని చెప్పే హక్కు నాకెక్కడిది? ఆ రాత్రి నుంచి మూడో మాటను చివర కాకుండా మొదట చెప్పడం మొదలుపెట్టాను: "నా దగ్గర ఇచ్చేదానికి ఏం లేదు. మనకొచ్చే సొమ్మెంతనో చెప్పగలుగుత" అని.

13వ తేదీ రాత్రి పంచారు. ఓటుకు వెయ్యి, ఇంటికో కోడి అని చెప్పుకున్నారు. నేను చూడలేదు, తలుపు వేసుకుని లోపలే ఉన్నాను. కాని మా ఇంట్లోకే వచ్చాయి. వాకిట్లో పడుకున్న మా అత్తమ్మ చేతిలో ఎవరో రెండు వేలు పెట్టి వెళ్లారు, ఆమెకు, మా మామగారికి. ఆమె కొంగున ముడివేసుకుంది. పోలింగ్ అయినంక సాయంత్రం చెప్పింది. "ఓటు నీకే ఏసిన, పైసలు ఏం జేద్దాం?" అంది. తెల్లారి గుడి హుండీలో వేసొచ్చింది. తిరిగి ఇచ్చేయాల్సింది కదా అంటే, "ఇచ్చినోని మొఖం చీకట్ల కానరాలే" అంది.

14న ఆదివారం. పోలింగ్ పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. బడిలో వార్డుకో గది. సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డుకు తెల్లది. నా వంతొచ్చి తెల్ల కాగితం విప్పితే మూడో గడిలో నా పేరు, పక్కన స్టూలు బొమ్మ. కింద నోటా. నా పేరును సర్కారు కాగితం మీద రేషన్ కార్డులో, ఆధార్‌లో చూశాను. అవి నాకేమిస్తారో చెప్పేవి. ఈ కాగితం మీద నన్ను జనం ఏరుకోవచ్చని ఉంది. కళ్లల్లో నీళ్లొచ్చి ముద్ర ఎక్కడ పడుతుందో కనపడలేదు, తుడుచుకుని వేశాను. ఓటు వేయడానికి హైదరాబాద్ నుంచి పదకొండు మంది వచ్చారు. వాళ్ల బస్సు ఛార్జీలు ఎవరు పెట్టారో ఊరికంతటికీ తెలుసు. 168కి 149 ఓట్లు పోలయ్యాయి.

రెండింటికి లెక్కింపు మొదలైంది. మా ఊళ్లో వార్డు ఓట్లు ముందు లెక్కించారు. ఇరవై అయిదుకో కట్ట కడతారు. అభ్యర్థి గానీ ఏజెంటు గానీ ఎదురుగా కూర్చోవచ్చు. నేనే కూర్చున్నాను. గ్యాస్ పొయ్యి ఆమె తరఫున ఆమె భర్త కూర్చున్నాడు, ఆమె బయట చెట్టు కింద ఉంది. మొదటి కట్టలో నేను ముందున్నాను. మూడో కట్ట దగ్గర సమానం. తర్వాత వెనకబడ్డాను. గ్యాస్ పొయ్యి 66, స్టూలు 57, గౌను 18, నోటా 2, చెల్లనివి 6. ఆ ఆరింటినీ ఒక్కొక్కటిగా చూపించమని అడిగాను, చూపించారు. మూడింటి మీద రెండు గుర్తులకు ముద్ర పడింది, రెండింటి మీద ముద్ర బదులు వేలిముద్ర, ఒకటి ఖాళీ. వేలిముద్ర వేసిన రెండూ స్టూలు మీదే. ఓటెట్లా వేయాలో ప్రతి ఇంట్లో చూపించి ఉండాల్సింది. నేను లెక్క గురించి చెప్పాను కానీ ముద్ర గురించి చెప్పలేదు.

ఇక ఆ పద్దెనిమిది. గౌను ఆమె ఒక్క ఇంటికీ వెళ్లలేదు, ఒక్క మాటా అడగలేదు. అయినా 18 పడ్డాయి. ఆమె ఫారం ఆ రోజు మూడింటి లోపు అందుంటే అవి ఎటు వెళ్లేవోనని చాలా రాత్రులు ఆలోచించాను. జవాబు లేని లెక్క అని తెలిసినా మళ్లీ మళ్లీ వేశాను.

మూడు రోజులు ఇల్లు కదల్లేదు. ఆ మూడు రోజుల్లో నీకే వేశామని చెప్పడానికి వచ్చినవాళ్లు 57 కన్నా చాలా ఎక్కువ. మొదట బాధేసింది. తర్వాత వాళ్లు అట్లా వచ్చి చెప్పాలని ఎందుకు అనుకున్నారో అర్థమైంది, అందుకని ఎవరినీ ఏమీ అడగలేదు. బొంబాయి అతని భార్య రాలేదు. పదిరోజుల తర్వాత పాప గౌను కుట్టించుకోవడానికి వచ్చి, కొలతలు ఇస్తూ, తల ఎత్తకుండా "గీసారి ఏసిన అక్కా నీకు" అంది. ఆమె మాట నేను నమ్మాను.

ఖర్చు లెక్క ఓడినవాళ్లూ ఇవ్వాలి. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. మా ఊళ్లో ఓడినవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, నేను చెప్తే "ఇంకెందుకు" అన్నారు. అయిదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో వార్డు మెంబరు పరిమితి 30,000 రూపాయలు. నాది కరపత్రాలకు 1,000, టీ, అటుకులకు 1,350, ఆటోలకు 600, జిరాక్సులు, ఫొటోలకు 210, పుస్తకం, పెన్నులకు 90. మొత్తం 3,250. పన్ను బాకీ, డిపాజిట్ ఇందులో లేవు. డిపాజిట్ 250 తిరిగొచ్చింది. ఆ రోజుల్లో కుట్టలేకపోయిన పెళ్లి జాకెట్ల లెక్క వేస్తే ఏడు వేలదాకా పోయింది, దానికి గడి ఏ ఫారంలోనూ లేదు. మండల ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను: మొదటిసారి తీసుకునే మనిషి లేడు, రెండోసారి ఆటోలకు రసీదులు కావాలన్నారు, మూడోసారి తీసుకుని ముద్ర వేశారు. ప్రతి రసీదూ మొదటి రోజునుంచే కవరులో వేసుకోండి. ఆటో అన్న చేత చీటీ రాయించుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కొత్త పాలకవర్గాలు డిసెంబర్ 22న ప్రమాణం చేశాయి. జనవరి 26న జెండా ఎగరేశాక గ్రామసభ పెట్టారు. ఓడినదాన్ని అడగొచ్చా అని రాత్రంతా ఆలోచించాను. గ్రామసభలో కూర్చోవడానికి ఓటరై ఉంటే చాలు, గెలవాల్సిన పని లేదు. మా సంఘం నుంచి తొమ్మిది మందిమి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాం. 2024 ఫిబ్రవరి 2 నుంచి 2025 డిసెంబర్ 21 దాకా వచ్చినదీ పోయినదీ చదవమని కాగితం మీద రాసిచ్చి, దాని నకలు మీద సంతకం తీసుకున్నాను. పోయినసారి చూసిన ఆ చూపులు ఈసారి లేవు. వెనకనుంచి ఇద్దరు మగవాళ్లు "అవును, సదువుండ్రి" అన్నారు.

కార్యదర్శి లేచి పుస్తకం తెచ్చాడు. అన్నీ కాదు, ఆరు నెలల లెక్క చదివాడు. వచ్చినదాంట్లో పెద్ద ముక్క పారిశుధ్య కార్మికుల జీతాలకు, కరెంటు బిల్లుకు, ట్రాక్టరు కిస్తీకి పోతోంది. డీజిల్‌కు కొన్నిసార్లు తన జేబులోంచే పెట్టానని, ఇంకా రాలేదని చెప్పాడు. చెప్తుంటే అతని గొంతు మారింది. రెండేళ్లుగా మేమందరం అతన్నే తిట్టుకున్నాం. ఆ సంగతి ముందే పైకి చదివి ఉంటే మేము అతని వెంట మండలానికి వెళ్లి అడిగేవాళ్లం. మిగతా లెక్క తర్వాతి గ్రామసభలో చదువుతామని సర్పంచ్ అన్నాడు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి సభ పెట్టాలి. మార్చి ఆఖరు అని నా పుస్తకంలో రాసుకున్నాను.

29వ తేదీ రాత్రి ఎనిమిదింటికి మా తలుపు కొట్టారు. గ్యాస్ పొయ్యి గుర్తు మీద గెలిచిన ఆమె. ఒక్కతే వచ్చింది. చేతిలో పంచాయతీ మీటింగు నోటీసు, మడతలు పడి ఉంది. ఎన్నికలయ్యాక మేము మాట్లాడుకోవడం అదే మొదలు. "అక్కా, గిండ్ల ఏం రాసిన్రో జర చెప్తవా? ఆయనను అడిగితే సంతకం పెట్టు చాలు అంటుండు" అంది. స్టూలు జరిపాను, కూర్చుంది. నాలుగు అంశాలున్నాయి. మూడోది గత నెల ఖర్చుల ఆమోదం. ఆమోదం అంటే ఏమిటని అడిగింది. నేను మా సంఘం పుస్తకం తీసి, కిందటి నెల పేజీ తెరిచి, ఆమె ముందు పెట్టాను. వేలు పెట్టి ఒక్కో గీత చదవడం మొదలుపెట్టింది. బయట ఆమె భర్త బండి హారన్ రెండుసార్లు మోగింది. "ఒక్క నిమిషం ఆగుమనుండ్రి" అని మా చిన్నమ్మాయితో చెప్పి పంపి, పేజీ తిప్పింది.